హయగ్రీవమ్మగారి ముందుగది

అమ్మ గది ఖాళీ చేస్తున్నాం. మంచం ఇచ్చేశాం, వాకర్ ఇచ్చేశాం. చీరల పెట్టె మాత్రం తెరవడానికి చేతులు రాక, నా గదిలోకి జరిపించుకున్నాను. చివరికి టీవీ మిగిలింది. మా అమ్మాయి శైలు దాని ఫొటో తీసి, అమెరికాలో మేముండే ఊరు క్యారీలోని తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టింది. ఆ శనివారమే స్రవంతి అనే అమ్మాయి స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. హనుమకొండ దగ్గరి పిల్ల, ఇక్కడ మాస్టర్స్ చదువుతోంది. నలుగురు ఆడపిల్లలు ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నారట. హాల్లో ఒక పరుపు, ఒక కుర్చీ తప్ప ఇంకేమీ లేవట.

"మంచిగనే ఉంది కద ఆంటీ, ఎందుకు ఇచ్చేస్తున్నరు?" అని అడిగింది.

"మా అమ్మదమ్మా. చలికాలంలో పోయింది."

ఆ పిల్ల టీవీ మీద ఆనించిన చెయ్యి చటుక్కున తీసేసింది. "సారీ ఆంటీ. మేం తీస్కపోతే మీకు బాధైతదేమో."

"లేదు, తీసుకెళ్ళండి. మీ హాల్లో నలుగురూ కూర్చుని చూస్తే నాకు సంతోషం."

కాఫీ తాగుతూ స్రవంతి అమ్మ గురించి అడిగింది. చిన్నప్పటి సంగతులు అడిగింది. "మీరు చిన్నగున్నప్పుడు టీవీలు యాడున్నయ్ ఆంటీ? మా అమ్మోళ్ళప్పుడే ఊరంతటికి ఒక్కటుండెనట" అంది. నేను చూసేదాన్నని, ఇంగ్లండ్‌లో హయగ్రీవమ్మగారి ముందుగదిలో రోజూ సాయంత్రం చూసేదాన్నని చెప్పాను. ఆ పేరు విని ఇద్దరూ పకపకా నవ్వారు. వాళ్ళకి నవ్వొచ్చే సంగతులే చెప్పి పంపించాను. కారు వెనకసీటులో దుప్పటి పరిచి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు టీవీని జాగ్రత్తగా పెట్టుకుని వెళ్ళారు. వాళ్ళకి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

నాన్నగారు కాకినాడలో డాక్టరీ ముగించి, పైచదువుకని ఇంగ్లండ్ వెళ్ళారు. కొన్నాళ్ళకి అమ్మా నేనూ ఓడ ఎక్కి వెళ్ళాం. ఉత్తరాన నూలు మిల్లులుండే ఊరు. అక్కడి ఆసుపత్రిలో ఆయన కింది స్థాయి డాక్టరు. ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని, పొగ పట్టి నల్లగా ఉండేవి. మేం అద్దెకున్నది ఒక ముసలావిడ ఇంట్లో, మేడ మీది రెండు గదుల్లో. ఆవిడ మిసెస్ హార్‌గ్రీవ్స్. ఆ పేరు అమ్మ నోరు తిరిగేది కాదు. మొదటి వారంలోనే హయగ్రీవమ్మగారు అయిపోయింది. నాన్నగారు ఆ సంగతి ఆవిడకి చెప్పి, హయగ్రీవుడంటే మాకు చదువులిచ్చే దేవుడని వివరిస్తే, "పర్వాలేదు, మా ఆయన నన్ను అంతకంటే చెడ్డ పేర్లతో పిలిచేవాడు" అందట. ఆయన పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. కొళాయి నీళ్ళు గడ్డకట్టే చలిలో కూడా ఉదయాన్నే గుమ్మం ముందరి రాతిమెట్టు మోకాళ్ళ మీద కూర్చుని రుద్ది కడిగేది. అది చూసి అమ్మ, "వీళ్ళకీ గడప కడుక్కునే అలవాటుందండీ, ముగ్గే తక్కువ" అని ధైర్యం తెచ్చుకుంది.

ఆ ఇంటి వాసనలు నాకు ఇప్పటికీ ముక్కులో ఉన్నాయి. పొయ్యిలో బొగ్గు, తడిసిన ఉన్ని కోట్లు, ఉడికిన క్యాబేజీ, చెక్కసామాను మీద రుద్దే మైనం. వాటన్నిటి మీదుగా మేడమీంచి దిగే ఇంగువ. ఇంగువ వాసన పడుతుందో లేదోనని అమ్మ కిటికీ తెరిచి, చలిలో వణుకుతూ పోపు పెట్టేది. ఒకరోజు హయగ్రీవమ్మగారు మేడెక్కి వచ్చి కిటికీ మూసేసింది. "ఇల్లంతా చల్లబడిపోతోంది, నీ వంటేదో నువ్వు చేసుకో లవ్" అంది. ఆ ఊళ్ళో అందరూ అందరినీ లవ్ అనే పిలుస్తారు. కూరగాయలవాడు కూడా అలాగే పిలిచాడని అమ్మ మొదట్లో రెండు రోజులు ఆ కొట్టుకి వెళ్ళలేదు.

టీవీ ముందుగదిలో ఉండేది. ముందుగది అంటే మామూలుగా వాడుకునే గది కాదు, చుట్టాలొస్తేనో ఎవరైనా పోతేనో తెరిచేది. రాణిగారి పట్టాభిషేకం చూడడానికని ఆ వీధిలో చాలామంది టీవీలు కొన్నారు, ఈవిడా కొంది. అప్పట్నుంచి ఆ గది తలుపు రోజూ సాయంత్రం తెరుచుకునేది. చిన్న బీరువాలాంటి పెట్టె, దానికి రెండు చెక్క తలుపులు, లోపల పలకంత తెర. మీట నొక్కితే వెంటనే బొమ్మ వచ్చేది కాదు. లోపల ఏదో వేడెక్కుతున్న చప్పుడు, కాలిన దుమ్ము వాసన, ఆ తర్వాత ఎక్కడో దూరం నుంచి నడిచొచ్చినట్టు నీలం వెలుగులోంచి మనిషి ముఖం తేలేది. అది వెలిగించే ముందు హయగ్రీవమ్మగారు ఏప్రన్ తీసి, జుట్టు సర్దుకుని, జాకెట్టుకి పిన్ను పెట్టుకునేది. నల్లకోటు వేసుకుని వార్తలు చదివేందుకు వచ్చే ఆ పెద్దమనిషి ఎదుట ఏప్రన్‌తో కూర్చోవడం మర్యాద కాదని ఆవిడ నమ్మకం. ఆవిడని చూసి అమ్మ కూడా బొట్టు సరిచేసుకుని, పమిట భుజాల నిండా కప్పుకుని కూర్చునేది. ఆయన గుడ్ ఈవెనింగ్ అంటే ఇద్దరూ గుడ్ ఈవెనింగ్ అనేవారు.

అప్పుడు ప్రసారాలు రోజంతా ఉండేవి కావు. నేను బడి నుంచి వచ్చాక దారాలతో ఆడించే బొమ్మలు, కథలు, పిల్లల కార్యక్రమాలు కాసేపు వచ్చేవి. తర్వాత గంటసేపు ఏమీ ఉండేది కాదు. తల్లులు పిల్లలకి తిండి పెట్టి పడుకోబెట్టుకోవాలని దేశం మొత్తానికి ఆ గంట ఆపేసేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మర్యాదకి ఆశ్చర్యంగా ఉంటుంది. అమ్మ పైకి వెళ్ళి అన్నం వండేది. హయగ్రీవమ్మగారు బొగ్గు తెచ్చి పొయ్యిలో వేసేది. గంట గడిచాక ముగ్గురం మళ్ళీ చేరేవాళ్ళం. ఇప్పుడు వచ్చేవి పెద్దవాళ్ళవి. వార్తలు, పాటలు, ప్రశ్నలూ జవాబులూ, నాటకాలు. నాటకానికీ నాటకానికీ మధ్య ఖాళీ వస్తే గుర్రాలు పొలం దున్నడమో, ఏటి నీళ్ళు పారడమో చూపించేవారు. అమ్మకి అవే ఇష్టం. "ఇందులో ఇంగ్లీషు లేదు, హాయిగా ఉంది" అనేది. కానీ ఇంగ్లీషు కూడా ఆవిడ అక్కడే నేర్చుకుంది. ముత్యాల దండ వేసుకుని ఒకావిడ వచ్చి, తర్వాత రాబోయేది ఏమిటో చెప్పేది. అమ్మ ఆవిడ మాటలు పెదాలు కదుపుతూ అనుకరించేది. కొద్ది నెలలకే, ఆ ఊరి యాసలో మాట్లాడే కసాయి, పాలవాడు, పోస్టుమాను మధ్య, కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ ఒక్కతే దొరసాని ఇంగ్లీషు మాట్లాడేది.

రెండో చలికాలానికి అమ్మకి నెలలు నిండాయి. హయగ్రీవమ్మగారు టీవీ చూస్తూ తెల్లటి ఉన్నితో చిన్న టోపీ అల్లింది. తెర మీద నుంచి కళ్ళు తీయకుండానే అల్లేది. ఒక పొద్దున్న నేను బడికి బయలుదేరుతుంటే అమ్మ నడుం పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. సాయంత్రం వచ్చేసరికి మేడ మీద ఎవరూ లేరు. "అమ్మ ఆసుపత్రిలో ఉంది, ఈ రోజు నువ్వు నాతో ఉంటావు" అంది హయగ్రీవమ్మగారు. రొట్టె కాల్చి జామ్ రాసి పెట్టింది. బొమ్మల ఆట చూశాం. ఖాళీ గంటలో ఆవిడ నాకు జడ విప్పి మళ్ళీ అల్లింది. వార్తలాయన వచ్చాడు, ఇద్దరం గుడ్ ఈవెనింగ్ చెప్పాం. నా నిద్రవేళ దాటింది గానీ పడుకోమని ఆవిడ అనలేదు. నాటకం మొదలైంది.

ఒక చిన్న రైలుస్టేషను. ఒకావిడ బల్ల మీద కూర్చుని ఎవరికోసమో ఎదురుచూస్తోంది. పెట్టె పక్కనే ఉంది. రైలు వస్తుంది, దిగినవాళ్ళలో ఆ మనిషి ఉండడు, మళ్ళీ కూర్చుంటుంది. ఆ రోజుల్లో నాటకాలు అప్పటికప్పుడు ఆడేవారు. అందుకే మధ్యలో ఒకతను మాట మరిచిపోయి తెల్లమొహం వేస్తే, ఆవిడే ఏదో అందించి సర్దేసింది. హయగ్రీవమ్మగారు "పాపం" అని నవ్వింది. అప్పుడే వీధితలుపు చప్పుడైంది.

నాన్నగారు ముందుగది గుమ్మంలో నిలబడ్డారు. కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడతో ఇంగ్లీషులో ఏదో తగ్గుస్వరంతో చెప్పారు. నేను పరుగెత్తి, "తమ్ముడా, చెల్లా నాన్నా?" అని అడిగాను.

"తమ్ముడమ్మా."

"ఎప్పుడొస్తాడు?"

ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "అమ్మ వస్తుంది. తమ్ముడు రాడు" అన్నారు.

హయగ్రీవమ్మగారు లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. ఆపేస్తుందనుకున్నాను. గొంతు మాత్రం పూర్తిగా తగ్గించి, బొమ్మ అలాగే ఉంచింది. నా కోసమేననుకుంటాను, పిల్ల చూస్తుంది కదా అని. అల్లిన టోపీని కుర్చీలో దిండు కిందకి తోసింది. నాన్నగారిని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి టీ పెట్టడానికి వెళ్ళింది. ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చారు. మా నాన్నగారు ఏడవగా నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు కూడా. ఏం చేయాలో తెలియక తెర వైపు చూస్తూ నిలబడ్డాను. స్టేషన్లో ఆవిడ లేచి నిలబడి, ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. వచ్చింది తను ఎదురుచూసిన మనిషేనో, కాదో! పెదాలు కదులుతున్నాయి గానీ ఒక్క మాటా వినబడలేదు. కొన్నేళ్ళ క్రితం ఆ నాటకం ఎక్కడైనా దొరుకుతుందేమోనని శైలు చేత వెతికించాను. అప్పటి నాటకాలు చాలావరకు దాచి ఉంచలేదట. ఒక్కసారి ఆడారు, గాలిలో కలిసిపోయాయి.

అమ్మ వారం తర్వాత ఇంటికొచ్చింది. పుట్టేటప్పటికే ప్రాణం లేదట. బిడ్డని వెంటనే గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయారు. చూపించమని అమ్మ అడిగితే, చూడకపోతేనే మంచిదని, తొందరగా మరిచిపోతావని నర్సు చెప్పిందట. కఠినత్వంతో అన్న మాట కాదది. అప్పట్లో ఆ దేశమంతటా అదే పద్ధతి, అదే దయ అనుకునేవారు. "వాణ్ణి ఎక్కడ పెట్టారండీ?" అని అమ్మ అడగడం నేను పక్కగదిలోంచి విన్నాను. "వాళ్ళే చూసుకున్నారు" అన్నారు నాన్నగారు. ఆయన ఆ ఆసుపత్రిలోనే డాక్టరు. అడిగితే చెప్పేవారేమో. ఆయన అడగలేదు. అడగడానికి భయపడ్డారని పెద్దయ్యాక అనిపించింది. అమ్మకి పాలు పడ్డాయి. గుడ్డతో గట్టిగా కట్టు కట్టుకున్నా జాకెట్టు తడిసిపోయేది. ఆ తడి కనబడకుండా ఉన్ని శాలువా కప్పుకుని, రోజంతా కిటికీ దగ్గర కూర్చునేది. వంట నాన్నగారు చేసేవారు. సాయంత్రం కింద టీవీ మోగితే అమ్మ తలుపు మూసుకునేది.

కొన్ని వారాలు అలా గడిచాక ఒక సాయంత్రం హయగ్రీవమ్మగారు మేడెక్కి వచ్చింది. ఏప్రన్ విప్పేసి, పిన్ను పెట్టుకుని ఉంది. నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారు.

"కిందికి రా లవ్. ఒక్కదాన్నీ చూడలేకపోతున్నాను" అంది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ వెళ్ళలేదు. మంచం అంచున కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుని, లేచేదాకా అలాగే కూర్చుంది. చివరికి ముగ్గురం దిగాం. ఆ రోజు ఏం వచ్చాయో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా, ముత్యాలావిడ ఏదో చెప్పి చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయాక, గుర్రాలు పొలం దున్నుతుంటే, అమ్మ తెర వైపే చూస్తూ ఆ ముత్యాలావిడ గొంతులాంటి గొంతుతో, "ఐ డిడ్ నాట్ సీ హిజ్ ఫేస్" అంది.

హయగ్రీవమ్మగారు కూడా తెర మీంచి కళ్ళు తీయలేదు. "నా బిడ్డదీ నేను చూడలేదు. ఆడపిల్ల" అంది. పెళ్ళయిన కొత్తలోనట. తెల్లవారేసరికి ఉయ్యాల కూడా ఇంట్లోంచి తీసేశారట. ఆవిడ మొగుడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదట, ఎత్తనివ్వలేదట. ఆయన పోయాక స్మశానంలో పనిచేసే మనిషిని వెతుక్కుంటూ వెళ్ళి అడిగిందట, అలాంటి బిడ్డల్ని ఎక్కడ పెడతారని. "ఆదివారం తీసుకెళ్తాను" అంది.

నాన్నగారికి చెప్పలేదు. ఆదివారం ఆయన డ్యూటీకి వెళ్ళగానే ముగ్గురం బయలుదేరాం. అమ్మ పట్టుచీర కట్టుకుంది, దాని మీద హయగ్రీవమ్మగారి నల్ల కోటు వేసుకుంది, కాళ్ళకి నాన్నగారి ఉన్ని మేజోళ్ళు. స్మశానం కొండవాలులో ఉంది. పెద్ద పెద్ద రాళ్ళు, రెక్కల దేవతలు, పేర్లు దాటుకుంటూ చివరిదాకా వెళ్ళాం. ప్రహరీ పక్కన ఒక గడ్డిచెక్క ఉంది. రాయి లేదు, పేరు లేదు. ఏ బిడ్డ ఎక్కడో ఎవరికీ తెలియదు, కానీ అందరూ అక్కడే ఉన్నారు. "ఇక్కడే" అంది హయగ్రీవమ్మగారు. అమ్మ సంచిలోంచి చిన్న సీసా తీసింది. పాలు. పాలవాడు గుమ్మంలో పెట్టి వెళ్ళిన పాలే. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి మీద కొద్దికొద్దిగా పోసింది. ఏదో గొణిగింది, నాకు వినబడలేదు. సగం పోశాక సీసా పైకెత్తి హయగ్రీవమ్మగారికి అందించింది. మా ఆచారం ఆవిడకి తెలియదు. ఒక్క క్షణం సీసా వైపు చూసింది. తర్వాత అంత పెద్దావిడా తడిగడ్డి మీద మోకాళ్ళూని, మిగతా పాలు పోసింది.

మరుసటి ఏడు నాన్నగారి చదువు పూర్తయి కాకినాడ వెళ్ళిపోయాం. ఇంట్లో కూర్చుంటే బొమ్మలు కదులుతూ మాట్లాడతాయంటే బళ్ళో పిల్లలు కోతలు కోస్తున్నానంటూ నన్ను ఏడిపించారు. ఆ ఊరికి టీవీ వచ్చేనాటికి నాకు పెళ్ళయి, నేను అమెరికా వచ్చేశాను. అమ్మకి తర్వాత పిల్లలు కలగలేదు. హయగ్రీవమ్మగారి నుంచి కొన్నేళ్ళు డిసెంబర్‌లో కార్డు వచ్చేది, ఒక ఏడు రాలేదు. నాన్నగారు పోయాక అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఇరవై ఏళ్ళు ఇక్కడే ఉంది. ఇక్కడ మా ఇంట్లో టీవీ ఆగేదే కాదు. శైలు తన ఫోన్లో ఏదో చూసుకునేది, దాని పిల్లలు వాళ్ళ గదుల్లో వాళ్ళవి చూసుకునేవారు, అమ్మ గదిలో తెలుగు ఛానల్ మోగుతూనే ఉండేది. నచ్చనిది దాటించవచ్చు, మాట వినబడకపోతే వెనక్కి తిప్పి వినవచ్చు. ఇన్ని తెరలున్నా, పక్కన కూర్చుని చూడడానికి రమ్మని మేడెక్కి వచ్చే మనిషి అమ్మకి లేదు. నాకూ పనులుండేవి.

పోయిన ఏడు ఆకులు రాలే రోజుల్లో శైలు స్నేహితురాలికి నెలలు నిండాక బిడ్డ పోయింది. శైలు ఆసుపత్రి నుంచి వచ్చి, భోజనాల బల్ల దగ్గర ఏడుస్తూ చెప్పింది. బిడ్డకి స్నానం చేయించి, బట్టలు తొడిగి తల్లి చేతికిచ్చారట. రోజంతా దగ్గరుంచుకోనిచ్చారట. పాదాల ముద్రలు తీసి ఇచ్చారట. అమ్మ గదిలో టీవీ చూస్తోందనుకున్నాను. వాకర్ పట్టుకుని ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు.

"చూపించారా?" అంది. "ఎత్తుకోనిచ్చారా?"

"అవును అమ్మమ్మా, షి హెల్డ్ హిమ్ ఆల్ డే" అంది శైలు.

అమ్మ వాకర్ తిప్పుకుని వెళ్ళిపోయింది. శైలు వెళ్ళాక గదిలోకి పిలిచి నన్ను పక్కన కూర్చోమంది. "వాడికి పేరు పెట్టలేదనుకుంటున్నావా?" అని అడిగింది. "ఆ రోజు పాలు పోస్తూ పెట్టాను. అన్నవరం దేవుడి పేరు. సత్యనారాయణ. ఇంట్లో సత్తిబాబు అని పిలుద్దామనుకున్నాను."

"ఇన్నేళ్ళూ నాతో అనలేదేమమ్మా?"

"ఎవరితో అంటే ఎవరు పలుకుతారే?" అంది.

చలికాలం మధ్యలో అమ్మ నిద్రలోనే పోయింది. కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి మా చిన్నాన్న కొడుకు వచ్చి కర్మ చేశాడు. పదో రోజున గుడి పక్కన హాల్లో అందరం తిలోదకాలు వదలడానికి వరసగా నిలబడ్డాం. పురోహితుడు కుర్రవాడు, నెమ్మదస్తుడు. నా వంతు వచ్చినప్పుడు, "మామ్మగారికి మగసంతానం లేదు కదమ్మా?" అని అడిగాడు.

చిన్నప్పట్నుంచి ఎవరు అడిగినా నేనొక్కదాన్నే అని చెప్పడం అలవాటు. "ఉన్నాడండీ. తమ్ముడు" అన్నాను. వెనక శైలు, "అమ్మా, వాట్? నీకు తమ్ముడున్నాడా?" అంది.

"ఎక్కడున్నారమ్మా?" అన్నాడు పురోహితుడు.

"పుట్టడమే ప్రాణం లేకుండా పుట్టాడు. ఇంగ్లండ్‌లో."

"అలాంటి బిడ్డలకి ఈ తంతు చెప్పలేదమ్మా" అన్నాడు, నొప్పించకుండా.

"తంతు వద్దండీ. పేరొక్కసారి చెప్పి నీళ్ళు వదులుతాను."

"దానికేముందమ్మా, వదలండి. ఏం పేరు?"

చెప్పాను. ఆయనకి వినబడక ముందుకు వంగాడు. శైలు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. మళ్ళీ చెప్పాను, ఈసారి హాలు చివర నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా.